గుమ్మం దగ్గర వాసన

మా అమ్మాయి ఇంటికి వస్తే నేను మొదట చేసే పని దాన్ని కావలించుకోవడం. ఆ కౌగిలిలోనే, ఎవరికీ తెలియకుండా, ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి వాసన చూస్తాను. అది కాలేజీలో చేరిన ఏడాది మొదలైంది నాకీ అలవాటు. ఇప్పుడది చదువు ముగించి, వాషింగ్టన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సొంత అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది. నేను మాత్రం మానలేదు. ఎందుకు మానాలి? తల్లిని. నాకు ముక్కు మీద కోపం అని మా ఆయన అంటుంటారు. ఉంటే ఉంది.

వాసన చూడటం నేను మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. చీరాలలో మా ఇంటి గుమ్మం దగ్గర ఆవిడ రోజూ సాయంత్రం నిలబడేది. నాన్న లారీ ఆఫీసులో గుమాస్తా. ఆయన చెప్పులు విడుస్తుండగానే, చేతిసంచి అందుకునే వంకతో దగ్గరికి వెళ్ళి వాసన చూసేది. ఆ సంగతి నాన్నకీ తెలుసు. అందుకే నోట్లో జర్దా కిళ్ళీ వేసుకుని వచ్చేవాడు. జర్దా, వక్క, సున్నం, వాటన్నిటి కిందా సారా. వాసన తగిలితే అమ్మ ఒక్క మాట కూడా అనేది కాదు. పట్టుకున్న సంచి వదిలేసి లోపలికి వెళ్ళిపోయేది. ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినేవాళ్ళం కాదు.

నేను ఇంటర్ చదువుతుండగా నాన్న పోయాడు. లివర్ పాడైందన్నారు డాక్టర్లు. సమాధి దగ్గర పాస్టరుగారు ఆయన మంచితనం గురించి చాలాసేపు మాట్లాడారు. అదీ అబద్ధం కాదు. తాగని రోజున మా నాన్నంత మంచి మనిషిని నేను చూడలేదు. అందుకే నాకు ఆయన మీద కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇదంతా మా అమ్మాయికి తెలుసు. కాలేజీ రెండో ఏడాది సెలవులకి వచ్చినప్పుడు నేనే కూర్చోబెట్టి చెప్పాను. విన్నాక ఇక ఆ జోలికి పోదని నా ధైర్యం. కానీ కిందటేడు ఎవరో స్నేహితురాలి పెళ్ళి ఫొటోల్లో దాని చేతిలో గ్లాసు కనిపించింది. జ్యూస్ అయ్యుంటుందిలే అన్నారు మా ఆయన. నేను దాన్ని అడగలేదు. అడిగితే నిజం చెప్పేస్తుంది, అదీ నా భయం. దానిబదులు ఇంకాస్త గట్టిగా కావలించుకోవడం మొదలుపెట్టాను.

అలాంటి నాకు మొన్న అక్టోబరులో ఫోన్ చేసి, "సాటర్డే ఇద్దరూ ఫ్రీగా ఉండండి. మిమ్మల్ని వైనరీకి తీసుకెళ్తున్నా. బుక్ చేసేశా," అంది.

"వైన్ తయారుచేసే చోట మనకేం పనే?" అన్నాను.

"వ్యూ బాగుంటది అమ్మా. నా ట్రీట్."

స్పీకర్‌లో వింటున్న మా ఆయన దానికి వంత పాడారు. ఈయన మా తెలుగు చర్చిలో సంఘపెద్ద. "ద్రాక్షావల్లి, తీగెలు అని ఇన్నేళ్ళుగా ప్రసంగాలు వింటున్నాం. ఒక్కసారన్నా కళ్ళతో చూశామా? చూసొద్దాం పద," అన్నారు.

"ఎవరన్నా మన చర్చివాళ్ళు కనపడితే?"

ఫోన్‌లోంచి మా అమ్మాయి నవ్వింది. "కనపడితే వాళ్ళు కూడా అక్కడికే వచ్చినట్టు కదా అమ్మా!"

తిరిగి వచ్చేటప్పుడు డ్రైవ్ చేసేది నేనే, కాబట్టి నేను ఏదీ ముట్టుకోను అని ముందే ప్రకటించి ఒప్పుకున్నాను.

శనివారం పొద్దున దాన్ని ఎక్కించుకోవడానికి మా ఇంటి దగ్గరి హెర్న్‌డన్ మెట్రో స్టేషన్‌కి వెళ్ళాం. మనుషుల్ని దింపి ఎక్కించుకునే చోట 'కిస్ అండ్ రైడ్' అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు కిందే దాన్ని కావలించుకున్నాను. పుదీనా గమ్, కాఫీ. మంచిదే. మనసు కుదుటపడి వదిలాను. అది నా ముఖంలోకి ఒక్క క్షణం ఎక్కువసేపు చూసినట్టనిపించింది గానీ, తను మా దగ్గర తాళాలు తీసుకుని డ్రైవర్ సీట్లో కూర్చునే హడావుడిలో ఆ సంగతి మరిచిపోయాను.

మా ఇంటి చుట్టుపక్కల ఎటు చూసినా టౌన్‌హౌస్‌లు, కిటికీలు లేని డేటా సెంటర్లు. రూట్ ఫిఫ్టీ మీద పడమటికి కాస్త దూరం పోగానే అవన్నీ వెనకబడి, రాతి గోడలు, గుర్రాలు, చివర్లో నీలంగా కొండలు వచ్చాయి. ఇంత దగ్గర్లో ఉన్న చోటుని ఇన్నేళ్ళలో చూడలేదు. మా శనివారాలు సరుకులకీ, చర్చికి కావలసిన ఏర్పాట్లకీ సరిపోయేవి. ప్రభు బల్ల ఉన్న వారం, ప్రార్థన చేసి అందరూ ఒక్క గుక్కలో తాగే ద్రాక్షరసం సీసాలు కొనుక్కొచ్చి, వేలెడంత కప్పుల్లో పోసి, పళ్ళేల్లో సర్దేది నేనే. ద్రాక్షతో నాకున్న సంబంధం అంతవరకే.

కంకర రోడ్డు మీద కారు ఆగింది. సారా కొట్టు అంటే నాకు తెలిసింది గోనెపట్టా వేలాడదీసిన గుమ్మం. ఆ సందులోంచి ఆడవాళ్ళు నడిచేవాళ్ళు కాదు. ఇక్కడ చూస్తే స్ట్రోలర్లలో పసిపిల్లలు, బల్లల కింద కుక్కలు. ఒక కుటుంబం వాళ్ళ నాయనమ్మకి పుట్టినరోజు కేకు కోయిస్తోంది. ఇవతల మా ఆయన వరసల మధ్యకి పోయి, నడుమెత్తు ఉన్న ఒక ద్రాక్షమొక్క బోదెని చేత్తో నిమిరి, "ఇంతేనా ఎత్తు! నేను పెద్ద పందిరి అనుకున్నానే," అని ఆశ్చర్యపోయారు. కోతలు అయిపోయాయి. పసుపెక్కిన ఆకుల మధ్య అక్కడక్కడా వదిలేసిన చిన్న గుత్తులు ఎండకి ముడుచుకుని ఉన్నాయి. ఆయన సండే స్కూలు పిల్లలకి చూపించాలని వాటికి ఫొటోలు తీసుకున్నారు.

కొండలు కనిపించే బల్ల దగ్గర కూర్చున్నాం. మా అమ్మాయి నాకు ఆపిల్ సైడర్, అంటే మత్తు లేని ఆపిల్ రసం, తెప్పించింది. దానికీ వాళ్ళ నాన్నకీ చెక్క పలక మీద వరసగా చిన్న గ్లాసులు వచ్చాయి, ఒక్కొక్కదాంట్లో రెండు గుక్కలకి మించి లేదు. అవి తెచ్చిన వైనరీ అమ్మాయి, మొదట గ్లాసుని ఎలా తిప్పాలో, వాసన ఎలా చూడాలో ఇంగ్లీషులో నెమ్మదిగా చెబుతోంది.

మా ఆయన వింటే కదా. ఆయన మొదటి గ్లాసుని రెండు చేతులతో పట్టుకున్నారు. ఒకసారి బల్ల చుట్టూ చూసి, ప్రతి నెలా చర్చిలో ప్రభు బల్లప్పుడు అడిగే గొంతుతోనే, "అందరికీ అందిందా?" అని అడిగారు. తల వంచారు. కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. తర్వాత ఆ గ్లాసులో ఉన్నదంతా ఒక్క గుక్కలో మింగేశారు.

ఆ అమ్మాయి మాట మధ్యలో ఆపేసింది. ఈయన కళ్ళు తెరిచి, ముఖమంతా వంకర పెట్టి, "అయ్యో, ఇంత వగరేంటి?" అన్నారు. నేను నవ్వలేక చచ్చాను. సైడర్ ముక్కులోకి ఎక్కింది. "అలవాటులో పొరపాటు," అని ఆయన సిగ్గుపడుతూ మూతి తుడుచుకుని, మిగతా గ్లాసులు కూతురి వైపు జరిపి, ఇంకొన్ని ఫొటోలు తీసుకొస్తానని లేచిపోయారు.

మేమిద్దరం మిగిలాం. మా అమ్మాయి ఎర్ర వైన్ ఉన్న గ్లాసు తీసుకుని, నెమ్మదిగా తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసింది. నాకు నవ్వు ఆగిపోయింది. అచ్చం మా అమ్మ ముఖం. అది మా అమ్మని ఎన్నడూ చూడలేదు.

ఒక్క గుక్క తాగి, గ్లాసు నా ముందు పెట్టింది. "తాగొద్దు. జస్ట్ స్మెల్ చెయ్యి."

"నాకెందుకే?"

"నన్ను చేస్తావు కదా." గొంతు పెంచలేదు. "హగ్ చేసినప్పుడు. ప్రతిసారీ."

కాదని బుకాయించబోయాను. అది గ్లాసు కాడ తిప్పుతూ చెప్పుకుపోయింది.

"ఫస్ట్ ఇయర్‌లో నాకు తెలీదు. నన్ను మిస్ అయ్యావనుకున్నా. చిన్నప్పుడు నా తల మీద ఇలా స్మెల్ చేసి ముద్దు పెట్టేదానివి కదా, అదే అనుకున్నా. మా రూమ్మేట్‌కి కూడా చెప్పా. మా అమ్మ హగ్ చేసి నన్ను స్మెల్ చేస్తది, ఇట్స్ సో స్వీట్ అని. తర్వాత నువ్వు తాతయ్య గురించి చెప్పావు. అమ్మమ్మ డోర్ దగ్గర నిలబడేది అని. అప్పుడు అర్థమైంది."

నేను సైడర్ గ్లాసు పక్కకి జరిపాను.

"అప్పటినుంచి ఇంటికి వచ్చేటప్పుడు మెట్రోలో గమ్ నములుతా అమ్మా. తాగి కాదు. ఏం తాగకపోయినా. ఊరికే, భయమేసి."

మొదట నాకు కోపమే వచ్చింది. కన్నతల్లిని, ఆ మాత్రం భయపడే హక్కు నాకు లేదా అని అరవాలనిపించింది. అరిచేదాన్నే, ఆ గమ్ గుర్తుకు రాకపోతే. పొద్దున స్టేషన్‌లో పుదీనా వాసన తగలగానే నేను ఎంత తృప్తి పడ్డానో గుర్తుకొచ్చింది. తప్పు చేసిన మా నాన్న కిళ్ళీ వేసుకుని గుమ్మం ఎక్కేవాడు. ఏ తప్పూ చేయని నా కూతురు కూడా నా ముందుకి నోరు దాచుకుని రావలసి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. పక్క బల్లవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేకపోయాను.

అది పేపర్ నాప్‌కిన్ ఇచ్చింది. ముఖం తుడుచుకుని అడిగాను. "మరి నేను లేనప్పుడు తాగుతావా?"

"తాగుతా. అప్పుడప్పుడు, ఫ్రెండ్స్‌తో. నీ ముందు తాగుదామనే తీసుకొచ్చా. నువ్వు చూసేస్తే ఇంక స్మెల్ చెయ్యక్కర్లేదు కదా."

"తాతయ్యలా అవుతానేమోనని భయం లేదూ నీకు?"

"ఉంది," అంది వెంటనే. "నీకొక్కదానికే అనుకున్నావా? సెకండ్ గ్లాస్ ఎవరు ఆఫర్ చేసినా నాకు తాతయ్య గుర్తొస్తాడు. ఆయన్ని నేను చూడను కూడా లేదు."

ఇన్నేళ్ళూ ఆ భయాన్ని నా ఒక్కదాని ఆస్తి అనుకుని మోశాను. దానికి కథ చెప్పిన రోజునే సగం పంచి ఇచ్చానని నాకు తెలియలేదు. గ్లాసు తీసుకుని వాసన చూశాను. కళ్ళు మూయడానికి భయపడ్డాను గానీ అవి వాటంతటవే మూసుకున్నాయి. బాగా మగ్గిన నేరేడుపళ్ళు, వానకి తడిసిన చెక్క. చీరాల గుమ్మం వాసన తగల్లేదు, ఇంకోసారి చూశాను. కింద ఎక్కడో, సన్నగా, అదే ఘాటు ఉంది.

"అదే," అన్నాను. "కొంచెం. కానీ అదే."

మా అమ్మాయి తల ఊపింది. కాదని వాదించలేదు, ఇది వేరు అది వేరు అని నాకు సర్దిచెప్పనూ లేదు. అందుకు దాని మీద నాకు గౌరవం కలిగింది. గ్లాసులో మిగిలినది నెమ్మదిగా తాగింది, నేను చూస్తుండగా. మిగతా గ్లాసులు అలాగే వదిలేసింది. చూడటం నాకు తేలికేమీ కాలేదు. కొండల వైపు చూద్దామనుకుని కూడా దాని వైపే చూశాను.

సాయంత్రం డ్రైవ్ చేసింది నేనే. ఎండలో తిరిగిన అలసటకి మా ఆయన ముందు సీట్లో గుర్రు పెట్టారు. అది వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని, చిన్నప్పుడు చర్చి నుంచి వచ్చేటప్పటిలాగే నోరు తెరుచుకుని నిద్రపోయింది. అద్దంలో చూసుకుంటూ నడిపాను. రాత్రి భోంచేసి మెట్రోలో వెళ్ళిపోతుంది. పొద్దున్నే వండిన చేపల పులుసు దానికి డబ్బాలో పెట్టివ్వాలి అనుకుంటూ ఇల్లు చేరాను.

నేను ముందు దిగి తలుపు తీశాను. లోపల లైటు వేసి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఉన్నాను. అది మెట్లెక్కి వస్తోంది, కళ్ళు నులుముకుంటూ, నోట్లో ఏమీ నమలకుండా. పై మెట్టు మీద ఆగింది. నా ముఖంలోకి చూసింది. నేను ఎక్కడ నిలబడ్డానో ఇద్దరికీ తెలుసు.

చేతులు చాచింది. కావలించుకున్నాను. ఈసారి వాసన చూడకూడదని ఊపిరి బిగపట్టాను.

కొంచెంసేపటికి అది నా భుజం మీద నవ్వింది. "అమ్మా, ఊపిరి పీల్చు. పర్లేదు."

పీల్చాను. వైన్ వాసన వచ్చింది. దాని వెనకాలే ఎండ తగిలిన జుట్టు వాసన, చిన్నప్పుడు దాని మాడు మీద ఉండే వాసన.

"గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారేంటి? లోపలికి నడవండి," అని కింది మెట్టు మీంచి మా ఆయన విసుక్కున్నారు. మా అమ్మయితే ఈ పాటికి లోపలికి వెళ్ళిపోయి ఉండేది. నేను దాన్ని వదలలేదు.