తోలు కప్పుకున్న ఇంజను

తాళం తిప్పితే "టక్" అంది. అంతే, ఇంజను తిరగలేదు. రవ్‌నా పెద్దమ్మ మళ్లీ తిప్పింది. మళ్లీ అదే టక్. ఇంకోసారి తిప్పకుండా తాళం తీసి జేబులో వేసుకుని, మంచు మీద నడిచే తన మోటారుబండి సీటు మీద అలాగే కూర్చుండిపోయింది.

రెండు చేతులూ బాగున్నవాడికి ఇదేమంత పెద్ద విషయం కాదు. సెల్ఫ్ పని చేయకపోతే ఇంజను పక్కనున్న తాడు పట్టుకుని నాలుగు గుంజులు గుంజుతాడు, బండి లేస్తుంది. పెద్దమ్మ కుడి భుజం పోయింది ఆ తాడు వల్లనే. పెళ్లైన కొత్తలో కొన్న బండి నుంచి మొన్నమొన్నటి దాకా ప్రతి చలికాలం, గడ్డకట్టిన ఇంజన్లని గుంజీ గుంజీ భుజంలోని నరం తెగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు "ఇక గుంజొద్దు" అన్నాడు. ఏం చేసి బతకాలో మాత్రం చెప్పలేదు. చేయి పైకెత్తి జడ వేసుకోవడం కూడా కుదరని ఆమె, సెల్ఫ్ ఉన్న బండి కొనుక్కుని మళ్లీ జింకల మంద దగ్గరికి వెళ్లింది. ఆ సెల్ఫే ఇప్పుడు టక్ మంటోంది.

అదీ ఏప్రిల్లో. నార్వే ఉత్తరపు కొసన మా ఫిన్‌మార్క్ పీఠభూమి మీద ఏప్రిల్ వచ్చిందంటే రెయిన్‌డీర్ జింకల మందలు సముద్రం వైపు కదలాలి. చూడి జింకలు ఈనకముందే, నదుల మీద మంచు విరగకముందే అక్కడికి చేరాలి. మంద ముందు ఒక బండి వెళ్తుంది. దాని వెనక తాడుతో ముసలి పోతుజింక ఒకటి, మెడలో గంటతో నడుస్తుంది. ఆ గంట వెంట మంద నడుస్తుంది. ఆ ముందు బండి మా పెద్దమ్మది. మెల్లగా పోవాలి, మాటిమాటికీ ఆగాలి, ఇంజను ఆపి వినాలి. జింకలు పడుకుని నెమరువేసి లేచాక, ఒక చేత్తో పోతుజింక తాడు పట్టుకుని ఇంకో చేత్తో తాళం తిప్పాలి. అక్కడ నిలబడి ఇంజను తాడు గుంజితే ఆ ఊపుకి పోతు బెదురుతుంది. పోతు బెదిరిందా, వెనక మందంతా కొండల పాలు.

ఆమె అన్నకొడుకు ఆందె ముందురోజే వచ్చి చెప్పి వెళ్లాడు. "అత్తా, బండి లేవకపోతే బెంగపడకు. పోతుజింకని నేను పట్టుకుంటాలే. నీకు నా స్లెడ్జిలో మెత్తగా చోటు చేస్తా."

వాడికి చెడ్డ ఉద్దేశమేమీ లేదు. జింకలు కాచుకునే మా సామీ జనంలో పసిపిల్లలనీ పండుముసలివాళ్లనీ బండి వెనక లాక్కెళ్లే స్లెడ్జిలో కూర్చోబెట్టడం మర్యాదే. కానీ ఒకసారి స్లెడ్జిలో కూర్చున్న మనిషిని మళ్లీ ముందు బండి మీదకి ఎవరూ పిలవరు. పెద్దమ్మకి ఆ సంగతి తెలుసు. భర్త ఇస్సాత్ పోయినప్పుడు కూడా మగవాళ్లంతా ఇలాగే మర్యాదగా వచ్చారు. మంద అమ్మేయమన్నారు, లేదా తమ మందల్లో కలిపేయమన్నారు. కాగితాల మీద మంద భర్త పేరున ఉండేది. ఆమె తన సొంత గుర్తు చెవికి కోసిన దూడలు కూడా కాగితం మీద ఆయనవే. ఆ పేరు మార్చుకోవడానికి ఆమె తిరిగిన ఆఫీసుల గురించి చెప్పాలంటే వేరే పుస్తకం కావాలి. మార్చుకుంది. అంత చేసి, ఇప్పుడు ఒక మోటారు తిరగనందుకు స్లెడ్జిలో కూర్చోవాలి.

నేను నా బండి వెనక ఆమె బండిని కట్టి ఆమె మరిది లెమెత్ షెడ్డుకి లాక్కెళ్లాను. లెమెత్ ఇస్సాత్ తమ్ముడు. ఊళ్లో సగం బండ్లు అతని చేతి మీదుగానే నడుస్తాయి. బండిని చూడకముందే చెప్పేశాడు.

"బ్యాటరీ, వదినా."

"నీకు జలుబు చేసినా బ్యాటరీ అంటావు. కొత్తది వేశాను. అయినా అదే టక్."

"కొత్తదని ఎవరు చెప్పారు, అమ్మినోడా?"

"కొన్నదాన్ని నేను చెప్తున్నా. మీటరు పెట్టి చూడు, నోటితో కాదు."

మీటరు పెట్టాడు. బ్యాటరీ నిండుగా ఉంది. లెమెత్ గడ్డం గోక్కున్నాడు. పెద్దమ్మ మా వాళ్ల అలవాటు ప్రకారం కాఫీలో ఎండుమాంసం ముక్క వేసుకుని, మెత్తబడేదాకా ఓపిగ్గా తిప్పుతూ కూర్చుంది.

"తాళం తిప్పు. నేను లైటు చూస్తా" అన్నాడు.

తిప్పింది. టక్. ముందు లైటు ఒక్కసారిగా మసకబారింది.

"చూశావా? కరెంటు పోతోంది. సెల్ఫ్ మోటారు తాగేస్తోంది, తిరగట్లేదు. వైరు తెగి ఉంటే లైటు అలా మునగదు."

"ఇంజనే పట్టేసిందేమో?"

లెమెత్ తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. బండి లేచింది. దానితోపాటు లోపల ఇనుముని ఇనుము గీరినట్టు కీచుమని ఒక అరుపు. వెంటనే ఆపేశాడు. అంత తేలిగ్గా, ఒక్క చేత్తో, కాఫీ కప్పు కూడా కింద పెట్టకుండా గుంజిన ఆ గుంజు చూసి పెద్దమ్మ తల పక్కకి తిప్పుకుంది. ఈ బండ్ల నమూనాలు గీసే గదుల్లో ఒక మగవాడి భుజాన్ని కొలిచి, మనిషంటే అదేనని రాసుకుని ఉంటారు. ఆడదాని భుజం, అరిగిన భుజం, ముసలి భుజం వాళ్ల లెక్కలోకి రావు. మాకు విరిగాక గానీ వాళ్లకి తెలియవు, తెలిసినా పట్టదు.

"ఆ కీచు విన్నావా?" అన్నాడు లెమెత్. "మోటారు మూతి దగ్గరుండే చిన్న పళ్ల చక్రం ఇంజను లేవగానే వెనక్కి రావాలి. రాలేదు. ఇరుక్కుంది."

అయినా తొందరపడలేదు. బ్యాటరీ నుంచి లావు తీగ తెచ్చి నేరుగా మోటారుకే ముట్టించాడు. నిప్పురవ్వ లేచింది, మోటారు కదల్లేదు. తాళానికీ మోటారుకీ మధ్య ఉన్నవాటి మీద ఇక అనుమానం లేదు. పోయింది మోటారే.

ఎర్త్ వైరు ముందు ఊడదీసి, పొగగొట్టం తీసి, అడుగున ఉన్న మోటారు దగ్గరికి దారి చేసుకున్నాడు. పై బోల్టు వచ్చింది. కింది బోల్టు దగ్గరికి అతని లావు చేయి పోలేదు. రెండు తిట్లు తిట్టి, మూడో తిట్టు ఎత్తుకోబోతుంటే పెద్దమ్మ లేచింది.

"జరుగు. నీ చేయి రొట్టెలు తినడానికే."

సన్నటి ఎడమచేయి సందులోకి దూర్చి, కళ్లు మూసుకుని, రెంచి పట్టించి తిప్పింది. బోల్టు ఊడి కింద పళ్లెంలో పడింది.

మోటారు బయటికి తీసి బల్ల మీద పెట్టాక లెమెత్ మూతి వైపు తిప్పి చూశాడు. అతని భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతున్నాడు.

"వదినా, ఇదేంటి? చలికి బూటులో కుక్కుకునే గడ్డిలా?"

పళ్ల చక్రం చుట్టూ గ్రీజులో ముద్దగా అల్లుకుపోయిన తెల్లటి వెంట్రుకలు. జింక వెంట్రుకలు. పుల్లతో కెలికితే ఉన్నిముద్దలా ఊడి వచ్చింది. చక్రం వెనక్కి రాలేక, ఇంజనుతోపాటే తిరిగీ తిరిగీ, మోటారు లోపల కాలి కమురు వాసన కొడుతోంది.

పెద్దమ్మ ముఖం ఎర్రబడింది. మా వాళ్లు రాత్రిపూట బండి పైన తోలు కప్పడం మామూలే. ఆమె ఒక అడుగు ముందుకేసింది. ఇంజను వేడి తగ్గాక మూత ఎత్తి, జింకతోలు మడిచి లోపలే కప్పేది. పొద్దున తీసేది. చలికాలమంతా అలాగే.

"చలేస్తుందని కప్పావా వదినా దానికి? జోల కూడా పాడావా?"

"నోర్ముయ్. గడ్డకట్టిన ఇంజను పొద్దున ఎంత మొరాయిస్తుందో నీకు తెలీదా? మా అమ్మ పసిగుడ్లనీ, తడిసిన దూడలనీ ఇలాగే కప్పేది. ఒక్కటీ చావలేదు."

"దూడలకి పళ్ల చక్రాలు ఉండవు."

ఆమెకే నవ్వొచ్చింది. జింక వెంట్రుక కాఫీలో పడుతుంది, రొట్టెలో పడుతుంది, పెళ్లిబట్టల మీద కూడా ఉంటుంది. అది ఇంజనులోకీ పోతుందని ఇన్నేళ్లూ ఆమెకి తట్టనే లేదు.

కొత్త మోటారు నార్వే దక్షిణం నుంచి రావాలి. అది వచ్చేసరికి నది కరిగిపోతుంది. సముద్రతీరానికి పోయే దారి మధ్యలో, మా జింకలు ఈనే నేలకి అడ్డంగా గాలిమరలు నిలబెట్టడానికి పెద్దపెద్ద యంత్రాలు మాత్రం నెల తిరక్కుండానే వచ్చేశాయి. మాకు అరచేతంత మోటారు రావాలంటే దారి దూరం.

లెమెత్ షెడ్డు వెనక మంచులో కూరుకుపోయిన పాత బండి ఒకటుంది. నిరుడు బండకి గుద్దుకుని ముందు భాగం నుజ్జయింది. అదే రకం. మంచు తవ్వి, దాని మోటారు విప్పి తెచ్చి, బల్ల మీద బ్యాటరీకి ముట్టించాడు. జుయ్యిమని తిరిగింది. మూత విప్పి బ్రష్‌లు చూశాడు, అరుగుదల కొంచెమే. పళ్ల చక్రం మీది పాత గ్రీజంతా తుడిచి, పలచటి నూనె చుక్క ఒకటి వేశాడు.

"గ్రీజు వద్దు. చలికి బిగుస్తుంది, వెంట్రుక కనిపిస్తే వాటేసుకుంటుంది" అన్నాడు.

కింది బోల్టు మళ్లీ పెద్దమ్మే బిగించింది. ఎర్త్ వైరు చివర పెట్టాక తాళం ఆమె చేతికిచ్చాడు. తిప్పింది. ఇంజను లేచింది, కీచు లేదు. ఆపింది, మళ్లీ తిప్పింది. లెమెత్ "చాల్లే వదినా, నమ్ము" అంటున్నా ఇంకోసారి తిప్పింది.

బయల్దేరే రోజు మంద కంచె దగ్గర అందరూ కాఫీ తాగుతుంటే ఆందె వచ్చాడు.

"అత్తా, స్లెడ్జిలో రెండు తోళ్లు పరిచా."

లెమెత్ నా వైపు చూసి కన్ను గీటాడు. ఆ కథ అతను చెప్తే వేసవి అంతా నవ్వుకుంటారు. పెద్దమ్మ అతనికి ఆ అవకాశం ఇవ్వలేదు. కప్పు కింద పెట్టి, అందరికీ వినపడేలా చెప్పింది.

"నా సెల్ఫ్ మోటారుని నేనే చంపాను. ఇంజను మీద తోలు కప్పి. వెంట్రుకలు పోయి పళ్లు పట్టేశాయి. నవ్వుకోండి."

నవ్వారు. ఆందె అందరికంటే గట్టిగా నవ్వాడు. పెద్దమ్మ నేరుగా వాడి బండి దగ్గరికి వెళ్లి మూత ఎత్తింది. లోపల, నీటుగా మడిచిన జింకతోలు.

"ఇదెవరు నేర్పార్రా నీకు?"

"నువ్వే కదా అత్తా..." అన్నాడు ఆందె.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరూ ఏదో పని ఉన్నట్టు తమ బండ్ల వైపు నడిచారు. మూతలు లేస్తున్న చప్పుళ్లు వినపడ్డాయి. పెద్దమ్మ ఆందెతో "తోలు తీస్తే చాలదు, పళ్లు కడుగు" అంది. వాడు "నాది బాగానే తిరుగుతోంది" అని తోలు మాత్రం తీసి స్లెడ్జిలోకి విసిరాడు.

పోతుజింక తాడు పెద్దమ్మ బండికే కట్టారు.

మొదటి ఆగుడు కొండ భుజం మీద. పెద్దమ్మ ఇంజను ఆపింది. వెనక బండ్లు కూడా ఆగాయి. మంద మంచులో గిట్టలతో తవ్వి మేసి, ఒక్కొక్కటే పడుకుంది. ఆమె తన పాత తోలు సీటు మీద పరుచుకుని కూర్చుని, సన్నగా గొంతులో ఇస్సాత్ యోయ్క్, అంటే ఒక మనిషిని తలుచుకుంటూ మా వాళ్లు పాడే పాట, ఎత్తుకుంది. పోతుజింక చెవులు ఆ వైపు తిరిగాయి.

జింకలు లేచాయి. పెద్దమ్మ తాడు ఒక చేత్తో వదులుగా పట్టుకుని, ఇంకో చేత్తో తాళం తిప్పింది. బండి లేచింది. పోతు తల కూడా ఎత్తలేదు.

వెనక నుంచి వినపడింది: టక్.

కాసేపయ్యాక మళ్లీ: టక్.

తర్వాత ఆందె లేచి నిలబడి తాడు గుంజడం మొదలుపెట్టాడు. ఆ ఊపుకి వాడి పక్కనున్న జింకలు గుంపుగా పక్కకి దూకాయి. పెద్దమ్మ ముందుకి కదల్లేదు. అవి సర్దుకునేదాకా ఆగింది. వాడి బండి లేచాక, వెనక్కి తిరిగి కేకేసింది.

"ఒరేయ్ ఆందె! స్లెడ్జిలో చోటుందన్నావుగా, కావాలంటే నువ్వు కూర్చో!"

బండ్ల చప్పుడు మీదుగా లెమెత్ నవ్వు వినపడింది. గంట మోగింది. మంద మెల్లగా ఆమె వెనక సాగింది.