డుమస్‌లో జరీ దూకిన రోజు

ఆ రోజుల్లో మా ఇంట్లో నిశ్శబ్దం అంటే కరెంటు పోవడమే. సూరత్‌లో మేమున్న గల్లీ నిండా సాంచాలు (మరమగ్గాలను మావాళ్లు అలాగే అంటారు), పొద్దస్తమానం ఖటాఖట్ ఖటాఖట్. ఆ మోతలోనే తిన్నాం, చదివాం, పోట్లాడుకున్నాం. అందుకే నేను ఇప్పటికీ మామూలుగా మాట్లాడినా ఎదుటివాళ్లు కోప్పడుతున్నాననుకుంటారు. అలాంటి చోటికి, సాంచాలు నడిపే మా మేనమామ ఒకనాడు గుర్రాన్ని తోలుకొచ్చాడు. పెళ్లి ఊరేగింపుల్లో అలిసిపోయిన తెల్ల గుర్రం. పాత యజమాని ముళ్ల కళ్లెం వేసి లాగి లాగి పాపం దాని నోరంతా పుండు చేశాడు. మామ దానికి జరీ అని పేరు పెట్టి, ఖార్ఖానా వెనకాల రేకుల కింద కట్టేశాడు.

ఇనుము కనిపిస్తే చాలు, జరీ తల ఎగరేసి వెనక్కి పోయేది. దాంతో మామ నవారు పట్టీలతో, నోట్లో ఏమీ పెట్టనక్కరలేని కళ్లెం కుట్టాడు. ముక్కు మీదుగా ఒక పట్టీ, చెంపల పక్క నుంచి పగ్గాలు, అంతే. "దారం పట్టినట్టు పట్టాలె కోడలా. గట్టిగ గుంజితివా, పని ఖరాబైతది" అన్నాడు. (ఎన్నిసార్లు ఖరాబైందో నా మోచేతులకు తెలుసు.) పడుతూ లేస్తూ చివరికి ఖార్ఖానా వెనక ఖాళీ జాగాలో వెదురు కర్రలు అడ్డం పెట్టి దూకించేదాకా వచ్చాను. మా గల్లీలో అంత ఎత్తుకు లేచిన ఆడపిల్లను నేనే అని ఒకటే గర్వం. కరెంటు పోతే మాత్రం జరీ టక్కున ఆగిపోయేది. "మనకు ఛుట్టీ అయితే దానికి సుత ఛుట్టీనే గద" అనేవాడు మామ. ఇద్దరం నవ్వుకున్నామే తప్ప ఆలోచించలేదు.

ఇంతలో ఖార్ఖానా యజమాని ఆ జాగాలో గోదాము కడతానని గుర్రాన్ని తీసేయమన్నాడు. కామ్‌రేజ్ నుంచి పెళ్లి బ్యాండు అతను కొందామని చూడటానికి వచ్చాడు, చేతిలో ముళ్ల కళ్లెంతో సహా. దాన్ని చూసి జరీ గోడకు అతుక్కుపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఇక మిగిలింది డుమస్ సముద్రతీరంలో పిల్లలకు స్వారీ నేర్పే సేఠ్ ఒక్కడే. ఆయన మా నవారు కళ్లెం వైపు వింతగా చూసి, "నోట్లో లగామ్ లేకుండా ఘోడీ మాట వింటుందా, బేన్ (చెల్లీ)? ఆదివారం మా కంచె దూకించు, ఉంచుకుంటా" అన్నాడు హిందీలో.

ఆదివారం డుమస్ సంగతి తెలిసిందే, భజియాల పళ్లేలు పట్టుకుని జనం. అందరి ముందూ జరీ ఎక్కి, ఠీవిగా దాని డొక్కలకు మడమలు తాకించాను. జరీ కదల్లేదు. బతిమాలాను, బెల్లం చూపించాను, ఊహూఁ. సేఠ్ వాచీ చూసుకుని, "బస్ బేన్, ఇంటికి తీసుకెళ్లు" అన్నాడు. మామ ముఖం చిన్నబోయింది. అప్పుడు తట్టింది నాకు, సముద్రపు గాలి తప్ప అక్కడ ఏ చప్పుడూ లేదని. మేం దానికి దూకడం నేర్పామనుకున్నాం గానీ, అది ఇన్నాళ్లూ సాంచాల మోతకు అడుగులేసింది. ఇప్పుడు ఆ పిచ్చిది కరెంటు పోయిందనుకుని నిలబడింది.

సిగ్గు విడిచి, గొంతెత్తి "ఖటాఖట్ ఖటాఖట్" అన్నాను. జరీ చెవులు లేచాయి. ఒక అడుగు, ఇంకో అడుగు. "మామా, నువ్వు సుత సాంచా నడుపు, జల్ది" అని అరిచాను. మామ చేతులు చరుస్తూ మా పక్కన పరుగందుకున్నాడు. నవ్వుతున్న జనం కూడా పళ్లేలు కింద పెట్టి చప్పట్లు కలిపారు. జరీ దౌడు తీసింది. పగ్గాలు నా వేళ్ల మధ్య దారంలా వదులుగా ఉన్నాయి. కంచె దగ్గరికొచ్చింది, నేల కిందికి పోయింది, మేమిద్దరం అవతలి ఇసుకలో దిగాం. కర్రకు గిట్ట కూడా తగల్లేదు. అంత సంతోషం నాకు పెళ్లిరోజున కూడా కలగలేదు (మా ఆయనకు తెలుగు చదవడం రాదు). మామ జరీ మెడ పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"ఉంచుకుంటా. కానీ ఈ ఖటాఖట్ ఎవరంటారు? నువ్వూ రావాలి" అన్నాడు సేఠ్. అలా జరీకి చోటు, నాకు ఉద్యోగం ఒకేసారి దొరికాయి. ఇప్పటికీ మా దగ్గర నేర్చుకునే పిల్లలు కంచె ముందు ఖటాఖట్ అంటూనే దూకుతారు. అదేదో స్వారీ మంత్రమని వాళ్ల తల్లిదండ్రుల నమ్మకం, నేనూ కాదనను. జరీ ముసలిదైంది, నీడలో కునుకు తీయడమే దాని పని. నేనూ ఏమంత పడుచుదాన్ని కాను. పొద్దున్నే దాని ముందు గడ్డి వేయడానికి వంగితే నా మోకాళ్లు ఖట్‌మంటాయి. అది వెంటనే కళ్లు తెరిచి, చెవులు నిక్కించి, బయల్దేరడానికి సిద్ధంగా నిలబడుతుంది.