అక్క నడుము మీద పెట్టని కాలు

ఈ సంగతి రాసి పెట్టక తప్పదనిపించింది. తమ్ముణ్ణి నేను నడుము మీద కాలు పెట్టి ఉంటే అక్క ఈపాటికి లేచి తిరిగేదని ఎల్లారెడ్డిలో ఆమె ఉండే వాడకట్టంతా ఇప్పటికీ అనుకుంటోంది. నోటితో చెబితే చివరిదాకా ఎవరూ వినడం లేదు.

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అలా పుట్టినవాడు పట్టేసిన నడుమును పాదంతో అదిమితే నొప్పి పోతుందని మా వైపు నమ్మకం. చిన్నప్పటి నుంచి ఎందరి నడుములు తొక్కానో. తగ్గినవాళ్లు మళ్లీ కనబడి చెప్పేవారు. తగ్గనివాళ్లు చెప్పేవారు కాదు.

ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. మిగతా చదువంతా కామారెడ్డి గ్రంథాలయంలోనే. కిరాణా దుకాణంలో బస్తాలు మోసి మోసి నా భుజం బిగుసుకుపోతే, అక్కడే ఒక వైద్య పుస్తకంలో డీప్ టిష్యూ మసాజ్ గురించి చదివాను. మామూలు మాలిష్ పైపైన సాగుతుంది. ఇందులో బొటనవేలితో, మోచేతితో మెల్లగా బరువు వేస్తూ లోపలి కండదాకా పోతారు. చదివాక ధైర్యం చేసి ఊళ్లోనే ఒక ఫిజియోథెరపీ సెంటర్‌కు పోయాను. రెండు రోజులు ఎవరో కొట్టినట్టు నొప్పి. ఆ తర్వాత చెయ్యి పైకి లేచింది. ఆ సంబరంలో అక్కకు ఫోన్ చేసి పాఠమంతా అప్పజెప్పాను.

అది ఎవరికి పడదో కూడా ఆ పుస్తకంలో ఉంది. కాలి నరాల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు, కొత్తగా దెబ్బ తగిలినవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు.

అక్క చిన్నప్పటి నుంచి ఒళ్లో చేట పెట్టుకుని, మెడ వంచి బీడీలు చుడుతోంది. చిన్న వయసులోనే గర్భసంచి తీసేశారు. ఈ మధ్య వీపు వంగి, మనిషి పొట్టిదైనట్టు కనిపించేది. కూర్చున్న పని కదా అనుకున్నాం. మొన్న ఎండాకాలం నీళ్ల బకెట్ ఎత్తుతుంటే నడుములో కలుక్కుమంది. కబురు రాగానే బస్సెక్కి పోయాను. అప్పటికే అక్కను చాప మీద బోర్లా పడుకోబెట్టి, చుట్టూ ఆడవాళ్లు నా కోసమే చూస్తున్నారు.

పక్కింటి అవ్వ నా చెప్పులు తనే పక్కకు జరిపింది. "రా బిడ్డా, జర కాలు పెట్టు. బరువేసి తొక్కు. నొప్పి పెడితేనే నొప్పి పోతది."

వంగిన ఆ వీపును చూడగానే, మాలిష్ ఎవరికి పడదో చదివిన వరుస గుర్తొచ్చింది. "వద్దవ్వా. ఎముక గుల్లబారిందేమో. ముందుగాల ఎక్స్‌రే ఫోటో తీపిద్దాం" అన్నాను.

"ఊరందరి నడుములు తొక్కితివి, అక్క నడుమే బరువైందా?" అంది అవ్వ. "పుస్తకం సదివి పురుడు గూడ పోసేటట్టున్నవ్!"

ఆడవాళ్లు నవ్వారు. అక్క నవ్వలేదు. చాపలో ముఖం పెట్టుకునే, "తమ్మీ, నీకు పడ్డది నాకెందుకు పడది? నువ్వే చెప్తివి గద ఫోన్ల" అంది. తర్వాత ఏడ్చింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా అక్క ఇంకొకరి ముందు ఏడవగా చూడలేదు.

గడపలో కూర్చుండిపోయాను. ఎందుకు వద్దో చెప్పగలను, మరి ఏం చేయాలో చెప్పలేను. ఒకవేళ కండ పట్టిందే అయితే, ఊరికే ఏడిపిస్తున్నాను. పుస్తకంలో ఉన్నది ఎవరి గురించో, చాప మీద ఉన్నది మా అక్క.

చివరికి ఆటో మాట్లాడి, వెనక సీట్లో పడుకోబెట్టి కామారెడ్డి తీసుకుపోయాం. గుంత వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని నొక్కేది. ఎక్స్‌రే చూసి డాక్టర్, వెన్నుపూస ఒకటి కుంగిపోయిందన్నాడు. ఎముకలు బోలుగా ఉన్నాయట, చిన్న వయసులో గర్భసంచి తీసేసినవాళ్లకు అలా అవుతుందట. మాలిష్ వద్దు, తొక్కించుకోవద్దు, వంగి కూర్చోవద్దు.

"కూసోకుంటే బీడీలెట్ల చెయ్యాలె సారూ?" అని అడిగింది అక్క.

ఆయన మందులు రాస్తూ ఆగాడు. నా వైపు చూశాడు. గ్రంథాలయంలో ఆ తర్వాత ఎముకల మీద దొరికిందంతా చదివాను. ఆ ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు. అక్క నడుముకు పట్టీ కట్టుకుని, ఎక్కువసేపు మంచం మీదే ఉంటుంది. నొప్పి కొంత తగ్గింది. పని లేదు.

పేర్లు రాయొద్దని అక్క మాట తీసుకుంది కాబట్టి పేర్లు లేకుండానే దండాలు పెడుతున్నాను. పుస్తకం ఇంటికిచ్చిన గ్రంథాలయం సారుకు. ప్రతి గుంత దగ్గరా బండి ఆపి ఆపి నడిపిన ఆటో అన్నకు. తెలియని జవాబు చెప్పని డాక్టరుకు. రాత్రీ పగలూ అక్కను లేపి కూర్చోబెట్టే ఆమె కోడలికి. తిట్టుకుంటూనే రోజూ గంజి తెచ్చే పక్కింటి అవ్వకు. పని ఆపితే కంపెనీ తీసేసే బీడీ కార్డు పోకుండా అక్క వంతు బీడీలు తలా కొన్ని చుడుతున్న వాడకట్టు ఆడవాళ్లకు. వాళ్లు అక్క మంచం పక్కనే కూర్చుని చుడతారు. అక్క పడుకుని వాళ్ల చేతులనే చూస్తుంటుంది.