వాన పడితేనే వచ్చే తెల్లనీళ్లు

వాన మొదలైతే మా అక్క తిట్లు లంకించుకుంటుంది. తెలకపల్లి దాటి లోపలికి పోతే వచ్చే మా ఊళ్లో అందరూ వాన మీద బతికేవాళ్లే. అయినా వాగు పక్క ఇళ్లవాళ్లు ఇప్పుడు మబ్బును చూస్తేనే మండిపడుతున్నారు.

ఊరికి ఎగువన గుట్టలో తెల్లరాయి తవ్వుతారు. ఆ రాయిని పొడి చేసి యాసిడ్‌తో కడిగే ఫ్యాక్టరీ గుట్ట కిందే ఉంది. కడిగిన నీళ్లను గుంటల్లో నిలవ ఉంచుతారు. వాన పట్టి మా చిన్నవాగు పారడం మొదలవగానే ఆ గుంటలకు గండి కొడతారు. వాననీళ్లలో కలిసిపోతే ఎవరికి తెలుస్తుందని వాళ్ల ధైర్యం. మాకు తెలుస్తుంది. వాగు విరిగిన పాలలా నురగలు కక్కుతూ వస్తుంది. ముక్కులు మండుతాయి. వాన వెలిసిన కొద్దిసేపటికి మళ్లీ ఏమీ ఎరగనట్టు తేటగా పారుతుంది.

అక్కకు రెండు బర్రెలే ఆధారం. బావ ముంబైలో కూలిపనికి పోయి నడుము విరగ్గొట్టుకుని వచ్చాక ఇల్లు వాటి పాల మీదే నడుస్తోంది. బర్రె అన్నాక వాగులో పడుకోకుండా ఉంటుందా? వానాకాలంలో పెద్దబర్రె పొదుగంతా పొక్కులు లేచాయి. దూడను దగ్గరికి రానిచ్చేది కాదు, అక్క చెయ్యి వేస్తే తన్నేది. "గిట్లనే అయితే అమ్ముకునుడే, చెల్లె. ఇంక నాకేం దారి లేదు" అంది అక్క.

నేను నాగర్‌కర్నూల్‌లో మందుల దుకాణంలో పనిచేస్తాను. ఆఫీసులు దగ్గర కాబట్టి ఫిర్యాదు పని నా నెత్తిన పడింది. అక్క కూల్‌డ్రింకు సీసాలో పట్టి ఉంచిన తెల్లనీళ్లు తీసుకుని పోయాను. కాలుష్యం సంగతి చూసే సారు ఆ సీసాను ముట్టుకోలేదు. "మీరు తెచ్చింది మేం తీసుకోకూడదమ్మా. మేమే వచ్చి, మా క్యాన్‌లో మేమే పట్టాలి" అన్నాడు. అదీ నిజమే. సీసాలో నేనేం కలిపానో ఆయనకేం తెలుసు? ఫ్యాక్టరీకి పోయి గుంటలు చూడండి సారూ అంటే, పోయి చూశాం, అంతా సక్రమంగానే ఉందన్నాడు. ముందు కబురు పెట్టి పోతే సక్రమంగా కాక ఇంకెలా ఉంటుంది? చివరికి, "వాన పడుతున్నప్పుడు ఫోన్ చేయండి, వస్తాం" అన్నాడు.

ఎన్నిసార్లు చేశానో. మా ఊరికి రావాలంటే ముందు పెద్దవాగు దాటాలి. వాన పడితే అది రోడ్డు మీదుగా పొర్లుతుంది, జీపు దాటదు. చిన్నవాగు అందులో కలిసేసరికి తెలుపు కూడా మిగలదు. పెద్దవాగు తగ్గి దారి తేలేదాకా సారు ఆగాలి, అప్పటికి మా దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ఈ మాట చెబితే "మరేం చేద్దామమ్మా?" అని నన్నే అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఒకరోజు ఆయనా వచ్చాడు, మబ్బూ వచ్చింది. సారు తేటగా పారుతున్న చిన్నవాగులో క్యాన్ ముంచి, మూత బిగించి, సీలు వేశాడు. గుట్ట మీద ఆకాశం నల్లబడుతోంది. అక్క నన్ను పక్కకు లాగి, "వాన పడెదాక సారును కదలనియ్యకు" అంది.

అప్పటికప్పుడు నాటుకోడిని కోసింది. జొన్నరొట్టెలు చేయడంలో అక్క చెయ్యి చాలా చురుకు. ఆ రోజు మాత్రం ఒక్కో రొట్టె పెనం దిగడానికి ఒక యుగం పట్టింది. బావ తన నడుము కథ మొదటి నుంచీ ఎత్తుకున్నాడు, అయిపోయాక మళ్లీ ఎత్తుకున్నాడు. "ఇంకో రొట్టె, సారు." "చాలమ్మా." "గట్లంటె ఎట్ల? మల్ల ఎప్పుడొస్తరో ఏమో!" సారు మంచివాడే. తిన్నాడు, కూర బాగుందన్నాడు. చేతులు కడుక్కుంటూ తలెత్తి చూశాడు. "పెద్దవాగు వస్తే ఇక్కడే చిక్కుకుంటాం. బండి తియ్" అన్నాడు డ్రైవర్‌తో.

అక్క ఆగలేకపోయింది. "వాన రావాలెననే గద సారు మిమ్ముల ఆపింది! జరసేపు ఉండుండ్రి!"

ఆయన తల దించుకుని జీపెక్కాడు.

జీపు పెద్దవాగు దాటి ఉంటుంది, కుండపోత మొదలైంది. ఇంకాసేపటికి చిన్నవాగు తెల్లగా దిగింది. నేను తడుస్తూనే వీడియో తీసి పంపి, ఫోన్ చేశాను.

"చూశానమ్మా" అన్నాడు.

"ఇగ రాయుండ్రి సారు!"

"చూసింది రాయడానికి లేదమ్మా. క్యాన్‌లో పట్టిందే రాయాలి."

పట్టిందే రాశాడు. వాగు నీరు మామూలుగా ఉన్నదని కాగితం వచ్చింది. దాన్ని చించి పారేద్దామనుకున్నాను, మళ్లీ ఫిర్యాదుకు కావాలేమోనని దాచాను.

ఎండాకాలానికి పెద్దబర్రె పొక్కులు మానాయి. ఇంకో వానాకాలం వచ్చేలోపు అమ్మేయాలని అక్క తీర్మానించుకుంది. వనపర్తి వైపు నుంచి ఒకాయన బేరానికి వచ్చాడు కానీ, తెల్లనీళ్ల సంగతి ఎక్కడో విన్నాడట, వెనకాడుతున్నాడు. అక్క నాకు ఫోన్ చేసింది.

"సారు ఇచ్చిన కాయిదం ఉంది గద. పట్టుకరా, చెల్లె."

"అండ్ల రాసింది నిజం గాదు గదక్కా!"

"నిజమైతే నేనెందుకు అమ్ముకుంట?"

తీసుకుపోయాను. బేరగాడు చదివి వినిపించమన్నాడు. చదివాను. ఆయన వాగు దాకా నడిచి చూసి వచ్చాడు. అడుగున రాళ్లు కనిపించేంత తేటగా ఉంది. పలుపు విప్పి పెద్దబర్రెను తోలుకుపోయాడు.

నేను కాగితాన్ని ఉండ చుట్టబోతుంటే అక్క నా చేతిలోంచి లాక్కుని, మడతలు సరిచేసింది.

"పైలంగ పెట్టాలె. చిన్నబర్రెకు గూడ పనికొస్తది" అంది.