మైకులో గోపిగాడి బరువు

నేను జీవితంలో ఒక్కసారే మైకు పట్టుకున్నాను. పట్టుకున్న కాసేపటికే ఆత్మకూరులో మా అక్కవాళ్ల వీధి వీధంతా కళ్లు తుడుచుకుంది. నా ఉపన్యాసం అంత గొప్పగా ఉందనుకునేరు, కాదు.

అక్క కొడుకు గోపికి అప్పుడు ఎనిమిదేళ్లు. చిప్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు, చేతిలో ఫోను. నాలుగడుగులు పరిగెత్తితే ఆయాసం. బరువు తగ్గాల్సిందేనని డాక్టరు చెప్పినప్పటి నుంచి అక్కకు నిద్ర లేదు. ఇల్లిల్లూ తిరిగి తల్లులను ఒప్పించింది: సాయంత్రం పిల్లలందరికీ ఖాళీ స్థలంలో ఆటలు, వంతులవారీగా ఒక్కో ఇంటి నుంచి గుగ్గిళ్లు, ప్యాకెట్లు బంద్. ఒప్పుకోనిది అక్క అత్తగారు రమణమ్మత్త ఒక్కతే. వీధిలో ముసలమ్మలందరూ ఆమె మాట దాటరు.

"బిడ్డ బొద్దుగా ఉండాడని ఊరోళ్లు కళ్లు పెట్టినారు. ఆయాసం దిష్టికే వస్తా ఉండాది," అనేది ఆమె.

మొదటిరోజు పిల్లల బరువులు చూసే పని నాకిచ్చారు. "చూసి నా చెవిలో చెప్పరా, చాలు," అంది అక్క. అప్పుడే డిగ్రీ పాసైన నాకు చెవిలో చెప్పడం నామోషీ అనిపించింది. మైకు అద్దెకు తెచ్చాను.

"మన గోపి, నలభై రెండు కిలోలు. గట్టిగా చప్పట్లు కొట్టాలి."

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. రమణమ్మత్త కొంగు బిగించి లేచింది.

"ఏందిరా అబ్బయ్యా, బిడ్డ బరువు బజార్లో చాటిస్తావా? ఉండే దిష్టి చాల్లేదా వాడికి?"

"అది కాదత్తా, ఇది సైన్సు," అన్నాను, అదీ మైకులోనే.

"ఉండు, నీ సైన్సుకీ దిష్టి తీస్తా."

అంతే. ముసలమ్మలందరూ ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి మనవళ్ల చుట్టూ తిప్పి కుంపట్లలో పోశారు. వీధంతా పొగ, దగ్గులు. సంగం పోయే బస్సు మా మలుపులో అద్దాలు మూసుకుని పోయింది.

"ఇన్నాళ్ల తిరుగుడంతా నీళ్లపాలు చేసినావు గదరా," అని అక్క ఏడ్చేసింది. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

అప్పుడే కుంపటి మీదికి వంగి దగ్గుతున్న రమణమ్మత్త ఉన్నట్టుండి ఆగింది. నిజంగా దిష్టి తగిలితే మిరపకాయలకు ఘాటు రాదని మా పెద్దల నమ్మకం.

"ఘాటొచ్చింది," అంది మెల్లగా.

"మా కుంపట్లోనూ వచ్చిందొదినా," అంది పక్కింటావిడ దగ్గుతూ.

"అంటే దిష్టి లేదు." రమణమ్మత్త గోపిని దగ్గరికి లాక్కుంది. "మరి బిడ్డకి ఆయాసం దేనికమ్మే?"

"ప్యాకెట్లకత్తా," అంది అక్క.

మర్నాటి సాయంత్రం చూశాను ఆ వైభవం. అలసంద గుగ్గిళ్ల తపేలా నెత్తిన పెట్టుకుని రమణమ్మత్త, వెనక సజ్జ రొట్టెలతో, మజ్జిగ చెంబులతో ముసలమ్మలందరూ, వాళ్ల కొంగులు పట్టుకుని పిల్లలు. కుచ్చిళ్లు ఎగదోపి, ఆ వయసులో ఒంటికాలి మీద ఆమె తొక్కుడుబిళ్ల గెంతుతుంటే, వెనకాలే రొప్పుతూ, నవ్వుతూ గోపి గెంతాడు. నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. కొన్నాళ్లకే గోపి వీధి చివరిదాకా ఆగకుండా పరిగెత్తాడు.

"ఇదంతా నా మైకు వల్లే గదత్తా," అన్నాను ఆ గెంతుల సాయంత్రమే, కాస్త పేరొస్తుందేమోనని.

"మిరపకాయల వల్ల. నువ్వు పోయి గెంతు."

గెంతాను. రెండో గడిలోనే బోర్లా పడ్డాను.

పడినచోటే, ఈ జన్మలో ఎవరి బరువూ నలుగురిలో చెప్పనని ప్రమాణం చేశాను. ఆ మాట తప్పలేదు. ఈనాటికీ కూరగాయల బండివాడు టమాటాలు ఎన్ని కిలోలని అడిగితే, అతణ్ణి పక్కకు పిలిచి చెవిలో చెబుతాను.