పనసచెట్టు మలుపులో రెండో గేరు

ఆ రోజుల్లో మాకు కంపెనీ అంటే దేవుడి తర్వాత దేవుడు. అక్కడ తయారైన వస్తువులో లోపం ఉండదని, ఉంటే మన చేతిలోనే ఉంటుందని గట్టి నమ్మకం. ఇప్పటి పిల్లలు ఫోను కొన్న మర్నాడే కంపెనీవాళ్లను కడిగి పారేస్తుంటే నాకు ముచ్చటేస్తుంది. తొంభైల చివర్లో నేను మాత్రం ఒక రెండో గేరు కోసం అదే కంపెనీ చుట్టూ కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాను, అదీ చేతులు కట్టుకుని.

మా మావయ్యది పార్వతీపురం. అరకులో కిరాణా కొట్టు పెట్టుకుని అక్కడే స్థిరపడ్డాడు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క నేను ఆయన పంచన చేరాను. నన్ను కొట్లో కూర్చోబెడితే కందిపప్పు తూచడానికి కూడా బద్ధకించేవాణ్ణి. ఇక లాభం లేదనుకుని ఆయన కొత్త వ్యాను కొని తాళాలు నా చేతికిచ్చాడు. సంత రోజున పెదబయలు దారిలో ఉన్న ఊళ్ల నుంచి జనాన్నీ సరుకునీ అరకు చేర్చడం నా పని. స్టీరింగు పట్టుకున్నాక నాకు బద్ధకం ఎటు పోయిందో తెలియదు. కోడి కూయకముందే లేచి బండి తుడిచేవాణ్ణి (మా అత్త ఆ తుడిచే గుడ్డ చూసి, నా చొక్కాలు కూడా ఇంత శ్రద్ధగా ఎప్పుడూ ఉతుక్కోలేదని దెప్పేది).

మూడు నెలలు తిరక్కుండానే రోగం బయటపడింది. దారిలో పనసచెట్టు దగ్గర నిట్టనిలువు ఎక్కుడులో ఒక మలుపుంది. నిండు బండితో అక్కడికి రాగానే రెండో గేరు దానంతటదే ఊడి బయటికొచ్చేసేది. బండి ఉన్నచోట ఆగి, ఆపైన వెనక్కి జారడం మొదలుపెట్టేది. నేను బ్రేకు మీద నిలబడి ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకునేలోగా ఎవరో ఒకరు దూకి చక్రం వెనక రాయి పెట్టేవారు. బండిలో అందరికంటే పెద్దది గుమ్మడి మామ్మ. ఆమె అసలు పేరు నేనెప్పుడూ అడగలేదు. సంతకు గుమ్మడికాయలు తెచ్చేది కాబట్టి నాకు గుమ్మడి మామ్మ, అంతే. రెండు మూడు సంతలు చూసి ఆమే ఒక పద్ధతి పెట్టింది. మలుపు ఇంకా అల్లంత దూరాన ఉండగానే బండి టాపు మీద దబదబా కొట్టేది. "ఆపు బాబూ. పాపం, దానికి ఒంట్లో బాగోనేదు. మేం నడిసొత్తాం." అందరూ గంపలు నెత్తిన పెట్టుకుని, కోళ్లను చంకలో పెట్టుకుని దిగి, మలుపు దాటేదాకా నడిచేవారు. ఖాళీ బండి మాత్రం ఏ రోగమూ ఎరగనట్టు హాయిగా ఎక్కేసేది.

విశాఖపట్నంలో కంపెనీ సర్వీసు సెంటరుకి ఎన్నిసార్లు వెళ్లానో గుర్తులేదు. వాళ్లు బండిని బీచి రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చి, "వెన్నలా పోతోందండీ. మీరు చెప్పే ప్రాబ్లం మాకు రావడం లేదు" అనేవారు. సముద్రపొడ్డు రోడ్డు మీద అంత ఎత్తు ఎక్కడ దొరుకుతుంది? ఎస్టీడీ బూతు నుంచి హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే ఒకాయన చాలా మర్యాదగా, "మీరు డ్రైవింగు ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగాడు. ఆ మాట నేను ఎవరికీ చెప్పుకోలేకపోయాను. కానీ సర్వీసు సెంటరువాళ్లు మావయ్యకు కూడా అదే చెప్పారు.

ఆయన ఒకరోజు అన్నం తింటూ, "నీకు గేరెయ్యడం రాదని కంపెనీవోళ్లు సెప్తన్నారు. నాకూ అలాగే అనిపిత్తంది" అన్నాడు. "దసరాకి బండి అమ్మేత్తాను. నువ్వు కొట్లో కూకో. మళ్లీ ఈ మాట ఎత్తకు." బండి పోతే నాకిక కందిపప్పే గతి.

తాడో పేడో తేల్చుకుందామని సర్వీసు సెంటరు ముందు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. నా మొహం చూడలేకో, నా పీడ వదిలించుకోవడానికో, ఒక ఇంజనీరుగారు వచ్చే సంత రోజున ఘాట్ రోడ్డెక్కి వస్తానని మాటిచ్చారు. ఆనందం పట్టలేక ఊరూరా తిరిగి చెప్పాను. "కంపెనీ నుంచి పెద్దాయన వస్తున్నారు. ఆ రోజు బండి నిండా ఉండాలి. ఎవరూ మానెయ్యకండి." అందరూ తలూపారు. నేను చెప్పింది ఒకటి, వాళ్లకు అర్థమైంది ఇంకొకటి అని అప్పుడు తెలియలేదు.

ఆ రోజు బండికి బంతిపూల దండ వేశారు. అద్దానికి పసుపు రాశారు. ఆడవాళ్లు దాచుకున్న చీరలు కట్టుకొచ్చారు. ఇంజనీరుగారు టై కట్టుకుని నా పక్కన కూర్చున్నారు. బండి కిక్కిరిసింది. ఈసారి గేరు ఊడకపోతే చూడు అని నాలో నేను మురిసిపోతూ మలుపు దగ్గరకొచ్చాను. టాపు మీద దబదబా మోత. నేను వినపడనట్టు నటించాను. మోత ఎక్కువైంది. ఇంజనీరుగారే, "ఎవరో దిగాలంటున్నారు, ఆపండి" అన్నారు. ఇంకేముంది, అందరూ దిగిపోయారు. నేను కిందికి దూకి చేతులు జోడించాను.

"మామ్మా, ఈ ఒక్కసారికి ఎక్కి కూర్చో. నీకు పుణ్యముంటుంది."

మామ్మ గొంతు తగ్గించి, "నీకేటైనా మతి పోనాదా? కంపెనీ బాబు ముందు బండి పరువు తీసుకుంతామేటి? నువ్వు బేగి పోనీ" అంది.

ఖాళీ బండి మలుపు ఎక్కేసింది. ఇంజనీరుగారు నా వైపు జాలిగా చూసి, "బానే ఉందండీ" అన్నారు. దసరా నా కళ్ల ముందు కనబడింది. ఈలోగా మామ్మ రొప్పుతూ వచ్చి కిటికీ పట్టుకుంది.

"సూసినారా బాబూ, ఎంత బాగా ఎక్కిందో. దీనికి ఏ రోగమూ నేదు."

"మరి మీరంతా ఎందుకు దిగారమ్మా?"

"అదేటి, ఎప్పుడూ దిగుతాం కదా. ఇక్కడ దానికి గేరు నిలబడదు."

ఇంజనీరుగారు వెనక్కి తిరిగారు. వెనక నడిచొస్తున్న వాళ్లనూ, వాళ్ల నెత్తిమీది గంపలనూ చూశారు. తర్వాత బండి దిగి, టై సర్దుకుని, "రోగముంటే చెప్పినా ఫరవాలేదమ్మా. నేను దీని పుట్టింటివాణ్ణే. నా దగ్గర దాచకూడదు" అన్నారు. పుట్టింటివారనేసరికి మామ్మ మెత్తబడింది. అందర్నీ ఎక్కించుకుని కిందికెళ్లి మళ్లీ వచ్చాం. సరిగ్గా పనసచెట్టు దగ్గర గేరు ఊడింది, బండి వెనక్కి జారింది, ఇంజనీరుగారు నా భుజం పట్టుకుని ఏదో దేవుణ్ణి పిలిచారు. చక్రం వెనక రాయి పడ్డాక నుదురు తుడుచుకుని, "గేరుబాక్సు మొత్తం మార్చేద్దాం" అన్నారు. ఆ మాట మీద నిలబడ్డారు కూడా. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

కొత్త గేరుబాక్సుతో మొదటి సంతకి బయల్దేరినప్పుడు ఇక ఎవరూ దిగక్కర్లేదని చాటింపు వేసినట్టు చెప్పాను. మలుపు రాగానే టాపు మీద మళ్లీ మోత.

"బాగైపోయింది మామ్మా."

"కొత్తది కదా బాబూ. కొన్నాళ్లు అలవాటు పడనీ."

దిగి నడిచారు. నాకు ఒళ్లు మండింది. ఇంత కష్టపడి సాధించిన గేరుకి ఒక్కరైనా విలువ ఇవ్వలేదని పైన బండి ఆపి మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆ మూతి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అదే దారిలో అప్పటికే రెండు జీపులు తిరిగేవి. వాటి గేర్లు శుభ్రంగా పడేవి. అన్ని నెలలూ మా బండి దిగి నడిచారే గానీ, ఆ జనంలో ఒక్కరు కూడా వాటిలో ఎక్కలేదు.