గూడు లేని పడవ

మోకాలి ఆపరేషన్ అయ్యాక మూడు నెలల దాకా పొలం గట్టు ఎక్కకూడదని రాజమహేంద్రవరంలో డాక్టరు చెబితే అచ్చిబాబు బుద్ధిగా తల ఊపాడు. ఆ తల ఊపడం ఎంత ఉత్తుత్తిదో పక్కనే ఉన్న భార్య లక్ష్మీదుర్గకి బాగా తెలుసు. అనుకున్నట్టే మండపేట దగ్గర తమ ఊరు చేరిన వారానికల్లా చేతికర్ర పట్టుకుని గేటు దాకా నడవడం, కాలువ గట్టు మీద పోయే ట్రాక్టర్లని ఆపి ఎవరి చేలో దాళ్వా పంట నాట్లు ఎంతవరకు వచ్చాయో ఆరా తీయడం మొదలుపెట్టాడు. ఆవిడ ఇక లాభం లేదనుకుని అల్లుడు కిరణ్‌కి ఫోన్ చేసింది.

కిరణ్ రాజమహేంద్రవరంలో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తాడు. ఏ కష్టానికైనా అతనికి తెలిసిన మందు ఒకటే, పార్సిల్. నాలుగు రోజుల్లో అట్టపెట్టె దిగింది. మూత మీద మూడు తెరచాప కొయ్యల విదేశీ ఓడ బొమ్మ, లోపల పలచటి చెక్క ముక్కలు, ఈనెపుల్లల్లా సన్నటి బద్దలు, దారపు ఉండలు, తెల్లగుడ్డ, గోరంత ఇత్తడి ఫిరంగులు. అన్నీ అతికించుకుంటూ పోతే ఓడ తయారవుతుందట. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి ఆటబొమ్మ పంపిస్తారా అని అచ్చిబాబు రెండు రోజులు పెట్టె వంక చూడలేదు. మూడో రోజు లక్ష్మీదుర్గ పెరట్లోంచి వచ్చేసరికి కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఒక చెక్క ముక్కని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు.

అచ్చిబాబు తత్వమే అంత. వద్దంటూనే మొదలుపెడతాడు, మొదలుపెట్టాక ఎవరి మాటా వినడు. ఐదెకరాల వ్యవసాయం, మధ్యలో కొన్నాళ్ళు రైస్ మిల్లులో కాటా దగ్గర ఉద్యోగం, ఊళ్ళో ఎవరి మోటారు చెడిపోయినా పిలవకుండానే వెళ్ళి విప్పేయడం, ఇదీ అతని జీవితం. విప్పిన వాటిలో చాలావరకు మళ్ళీ బిగించాడనే చెప్పాలి. మిగిలిపోయిన నట్లు ఒక డబ్బాలో ఉన్నాయి. ఆ డబ్బా సంగతి లక్ష్మీదుర్గ ఎత్తితే మటుకు కోపం వస్తుంది.

ఓడతో పాటు వచ్చిన పుస్తకంలో బద్దల్ని వేడినీళ్ళలో నానబెట్టి వంచమని బొమ్మలున్నాయి. నానబెట్టడం కన్నా ఆవిరి పట్టడం నయమని అచ్చిబాబు సొంత నిర్ణయం. వంటింట్లో ఇడ్లీ పాత్ర మాయమైంది. వంచిన బద్దని ఓడ పక్కటెముకల్లాంటి చట్రం మీద ఆనించి, జిగురు ఆరేదాకా బట్టల క్లిప్పులు పెట్టేవాడు కాబట్టి దండెం మీద క్లిప్పులూ మాయమయ్యాయి. లక్ష్మీదుర్గ చీరలు గాలికి పక్కింటి పెరట్లో పడుతుంటే, ఇడ్లీలు జిగురు వాసన వేస్తుంటే, మనిషి మాత్రం గేటు దాటడం లేదు. ఆవిడ అదే పదివేలు అనుకుంది.

బద్దలన్నీ అతికించడం అయ్యాక ఒక పొద్దున, ఓడని బోర్లించి గరుకు కాగితంతో రుద్దుతూ చెయ్యి ఆపేశాడు అచ్చిబాబు. బోర్లించిన ఆ పొట్టని ఎక్కడో చూశాడు. నున్నగా వంగిన ఆ చెక్కల వరస, మధ్యలో ఆ సన్నటి సందులు. ముక్కుకి గుగ్గిలం వాసన తగిలినట్టయింది.

నాన్నకి పడవ ఉండేది. అప్పట్లో ధాన్యం కాకినాడ వెళ్ళాలంటే కాలువ మీదే వెళ్ళాలి. ఎండాకాలం కాలువలు కట్టేసి నీళ్ళు ఆపినప్పుడు పడవని గట్టెక్కించి, ఒరిగించి, సందుల్లో నార కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూసేవారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే పాలేరు పోతురాజు. పోతురాజు నడుముకి తాడు కట్టుకుని గట్టు మీద నడుస్తూ అంత పడవనీ లాక్కుపోయేవాడు. బడి ఎగ్గొట్టి ధాన్యం బస్తాల మీద వెల్లకిలా పడుకుని, తెరచాప కొయ్య చివర ఆకాశం కదలడం చూస్తూ అచ్చిబాబు లాకుల దాకా వెళ్ళొచ్చేవాడు. అంత సుఖం మళ్ళీ ఏ కారులోనూ ఎరగడు. తర్వాత లారీలొచ్చాయి. పడవ గట్టు మీదే ఎండి పగిలింది. ఒకరోజు దాన్ని విరగ్గొట్టి వంటచెరుకు చేసేశారు. ఒక్క ఫోటో కూడా లేదు. ఆ పడవని ఎరిగినవాళ్ళు ఇప్పుడు భూమ్మీద ఇద్దరే, తనూ, అక్క బుల్లెమ్మా.

ఆ మధ్యాహ్నమే రంపం తీశాడు. ఓడ అడుగు కోసేసి కాలువ పడవకి ఉన్నట్టు చదునుగా చెక్క వేశాడు. మూడు కొయ్యల్లో రెండు తీసి పారేశాడు. ఫిరంగులు నట్ల డబ్బాలో పడ్డాయి. ఓడ ఎంతవరకు వచ్చిందని కిరణ్ ఫోన్ చేస్తే, పడవ దాకా వచ్చిందని లక్ష్మీదుర్గ చెప్పింది. తెరచాప ఆవిడే కుట్టింది. గుడ్డ మరీ కొత్తగా ఉంది, అతుకులు వెయ్యమని అచ్చిబాబు పోరితే, మంచి గుడ్డకి అతుకులేంటని సణుగుతూనే నాలుగు వేసింది.

ఇక అతనికి ఒకటే ధ్యాస. అక్క చూడాలి. చూసి, ఇది మన పడవే అనాలి.

బుల్లెమ్మ తమ్ముడికన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. అమ్మ పొలం పనుల్లో ఉంటే వాణ్ణి చంకనేసుకుని పెంచింది అక్కే. యానాం వైపు సంబంధం కుదిరింది. పెళ్ళయి, అత్తారింటికి పంపే ముహూర్తం దగ్గరపడ్డాక అచ్చిబాబుకి ఆటలమ్మ పోసింది. పెళ్ళికూతురికి అంటుకుంటుందని ఊరి చివర మేనత్త ఇంట్లో వేపాకుల మీద పడుకోబెట్టారు. అక్క మండపేట సంతకి వెళ్ళింది, వచ్చేస్తుందన్నారు. ఒళ్ళు ఆరీ ఆరకముందే మేనత్త కన్నుగప్పి రేవుకి పరిగెత్తాడు. అప్పుడే నాన్న పడవ తిరిగొస్తోంది. బస్తాలు లేవు, మనుషులు లేరు. కొయ్య దగ్గర నాన్న ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అక్కేదని అడిగితే నాన్న ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్ళాడు.

తర్వాత అక్క ఎన్నోసార్లు పుట్టింటికి వచ్చింది, తను ఎన్నోసార్లు వెళ్ళాడు. పిల్లల పెళ్ళిళ్ళూ, బావ గారి కర్మలూ అన్నీ కలిసే చేసుకున్నారు. ఆ రోజు సంగతి మాత్రం ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు.

పడవ ఫోటోలు ఫోన్లో పంపించాడు. అక్క మనవరాలు చూపించిందట, బుల్లెమ్మ వెంటనే ఫోన్ చేసింది. బాగుంది గానీ గూడేదని అడిగింది. మన పడవకి గూడెక్కడిది, బస్తాలు ఎక్కడ పెడతారని అచ్చిబాబు నవ్వాడు. ఉంది, నడిమిన కప్పులా తాటాకు గూడు, అంది ఆవిడ. లేదన్నాడు ఇతను. అక్కణ్ణించి రెండు నెలలు ఇదే గోల. అక్క ఆ పడవ ఎక్కింది ఒక్కసారి, అత్తారింటికి వెళ్ళిన రోజు. తను దాని మీదే పెరిగాడు. ఆడపిల్లని పడవ మీదికి రానిచ్చేవారా అసలు? ఇంకేదో పడవని చూసి మన పడవ అనుకుంటోంది, వయసు అలాంటిది అని లక్ష్మీదుర్గ దగ్గర తేల్చేశాడు. పైకి నవ్వాడు గానీ లోపల గుచ్చుకుంది. ఉన్న ఒక్క సాక్షీ కాదంటే, తను కట్టిన పడవ ఎవరిదైనట్టు?

జూన్‌లో కాలువలకి నీళ్ళు వదిలారు. డాక్టరు ఒప్పుకున్నాక ఒక ఆదివారం కిరణ్ కారు తెచ్చాడు. అచ్చిబాబు పడవని ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. దారి పొడుగునా పక్కనే ఎర్రటి కొత్తనీళ్ళు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా అల్లుడి మీద విసుక్కున్నాడు. పడవలో ఒక పూట పైగా పట్టే దూరం, కాఫీ అరిగేలోపే అయిపోయింది.

బుల్లెమ్మ వీధి వరండాలో కుర్చీలో ఉంది. నెరిసిన జుట్టు, చేతిలో తాటాకు విసనకర్ర. కిరణ్ కారు నీడకి పెట్టడానికి వాకిట్లో ఉండిపోయాడు. ఆవిడ పడవని ఒళ్ళోకి తీసుకుని చేత్తో తడుముతూ చాలాసేపు చూసింది. చుక్కాని కదిపింది. తెరచాప అతుకులు చూసి, ఇవి ఉండేవి, అంది. అచ్చిబాబు మొహం విప్పారింది.

"గూడేదిరా?"

"లేదక్కా. చెప్పాను కదా. రోజూ తిరిగినవాణ్ణి నాకు తెలీదా?"

"రోజూ తిరిగావు. ఆ రోజు చూశావా?"

అరవై ఏళ్ళలో ఆ రోజు పేరు ఎత్తడం అదే మొదలు.

బుల్లెమ్మ నెమ్మదిగా చెప్పింది. పంపించే ముందు రోజు నాన్నా పోతురాజూ కూర్చుని తాటాకులు అల్లారట. ఎండ పడకుండా ఉండటానికి అనుకుందట తను మొదట. ఆ రోజు మబ్బు పట్టి ఉంది.

"ఎండకి కాదురా. గట్టు మీద జనం పోతుంటారు కదా, నేను ఏడుస్తుంటే ఎవరూ చూడకూడదని వేశాడు. లోపల కూర్చుని నీ ఇష్టమొచ్చినంత ఏడుచుకో తల్లీ అన్నాడు. నేను అత్తారింటికని ఏడవలేదు. నీకు చెప్పకుండా పోతున్నానని ఏడిచాను. లాకుల దాకా నీ పేరే పెట్టి ఏడిచాను."

అచ్చిబాబు పడవ అంచు పట్టుకున్నాడు. మరి ఆ గూడు ఏమైందని అడిగాడు.

"ఇక్కడ రేవులో విప్పించేశాడు. తీసుకెళ్ళు నాన్నా, పనికొస్తుందన్నాను. ఖాళీ గూడు ఎదురుగా పెట్టుకుని అంత దూరం ఎలా వెళ్ళనే అన్నాడు. ఆ ఏడాదంతా మా దూడ దాని కింద పడుకునేది."

రేవులోకి తిరిగొస్తున్న పడవ అచ్చిబాబు కళ్ళకి కట్టింది. కొయ్య దగ్గర నాన్న, మిగతా అంతా బోసిగా. ఇన్ని నెలలు ఇడ్లీ పాత్ర ఆవిరిలో బద్దలు వంచి తను కట్టింది అక్కని తీసుకెళ్ళిన పడవ కాదు. దింపేసి వచ్చిన పడవ. అతనికి తెలిసింది అదొక్కటే. దుఃఖం పొంగుకొచ్చింది. ఆటలమ్మ నాటి ఎనిమిదేళ్ళ పిల్లాడి దుఃఖం అది, ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందో.

"అయితే ఇది మన పడవ కాదంటావా?" అన్నాడు.

"కాదని ఎవరన్నార్రా" అంటూ బుల్లెమ్మ మనవరాల్ని కేకేసి కత్తెర తెప్పించింది. విసనకర్ర పిడి దగ్గర కత్తిరించింది. విసురుకోవడానికి ఏం మిగిలిందని మనవరాలు అడిగితే, ఫ్యాన్ ఉంది కదే అంది. ఆకుని జానెడు ముక్క చేసి, రెండు చేతుల్తో వంచి, పడవ నడిమికి బోర్లించింది. బద్దల మధ్య ఇరుక్కుని అది చక్కగా నిలబడింది, కొలిచి చేసినట్టే.

అచ్చిబాబు ఆపరేషన్ మోకాలు సంగతి మరిచిపోయి కింద కూర్చున్నాడు. తల వంచి, కళ్ళజోడు సర్దుకుని గూటి లోపలికి చూశాడు.

"ఏం కనబడటం లేదక్కా."

"అందుకే కదరా వేశాడు నాన్న."

అచ్చిబాబు తల ఎత్తలేదు. కారు తాళాలు ఆడించుకుంటూ కిరణ్ వరండా మెట్లెక్కి వస్తున్నాడు. బుల్లెమ్మ పమిట చెంగు తమ్ముడి తల మీదుగా జార్చి, అల్లుణ్ణి లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కోమంది.